ఘోడా నిలవని రివాల్వర్

“ముందుగాల ఖాళీ ఉన్నదని చూపెట్టు పటేలా,” అంటాడు ఉస్తాద్ కళ్లద్దాల మీంచి చూస్తూ.

మామ సంచి మూతి విప్పి, పాత బనియన్ గుడ్డలో చుట్టిన రివాల్వర్ని బయటికి తీస్తాడు. నాలీ, అంటే గొట్టం, గోడవైపు ఉండేలా పట్టుకుని, పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కుతాడు. నాలీ ముందుకు వంగుతుంది. సిలిండర్ వెనకభాగం తెరుచుకుంటుంది. తూటా డొక్కులను బయటికి నెట్టే ఇనప బిళ్ల పైకి లేచి, మళ్లీ టక్కున లోపలికి పోతుంది. ఆరు ఖానాలు, ఆరింట్లోంచీ వెలుగు కనిపిస్తోంది. అప్పుడు గానీ ఉస్తాద్ చెయ్యి చాపడు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ పట్నంలో, బజారు వెనక సందులో ఉందీ దుకాణం. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. గోడకు గొలుసేసి తాళం పెట్టిన పన్నెండు బోరు తుపాకులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ మెడలో అట్ట ముక్క, దాని మీద యజమాని ఊరు. ఫ్రేము కట్టిన లైసెన్సు, దాని పక్కన అత్తరు కంపెనీ క్యాలెండరు. బల్ల మీద పెద్ద వైస్, పొడవును బట్టి పేర్చిన ఆకురాళ్లు. మిషను నూనె, సాన పొడి, కాగిన ఉప్పు కలిసిన వాసన. ఇక్కడ ఖాళీ చేసి చూపించని తుపాకిని ఎమ్మెల్యే తెచ్చినా ఆయన ముట్టుకోడు. ఆ ఒక్క పద్ధతికి నేను ఆయన్ని గౌరవిస్తాను. ఆ తర్వాతి రెండు గంటలూ ఆ గౌరవం పట్టుకునే నిలబడ్డాను.

రివాల్వర్ బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీది, మార్క్ ఫోర్, .32 బోరు. ఫ్రేము మీద రెక్కలున్న తూటా బొమ్మ, ఆ కంపెనీ గుర్తు. బర్మింగ్‌హామ్‌లో 1813లో చట్టం చేసి మరీ ప్రూఫ్ హౌస్ పెట్టారు. తయారైన ప్రతి తుపాకిలో మామూలు కంటే బలమైన మందు దట్టించి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేసి బయటికి పంపుతారు. అలాంటి ముద్రలు ఈ రివాల్వర్ సిలిండర్ మీదా ఉండేవి. ఉండేవి అని ఎందుకంటున్నానంటే, ఇప్పుడు వాటిని వేలి కొసతో తడిమితే తగలడం లేదు.

మామ ఇంతకుముందు ఇదే ఉస్తాద్ చేత చేయించుకున్న పని చిన్నదేమీ కాదు. ఆయనకు డెబ్బై దాటాయి. వేళ్ల కణుపులు వాచి ట్రిగ్గర్ లాగలేకపోతున్నాడు. తుపాకి తన తండ్రిది, తన తర్వాత కూతురికి పోవాలని ఆయన కోరిక. ఇంటి దగ్గర ఉండి బత్తాయి తోటా పత్తి చేనూ చూసుకునేది ఆమే. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఇరవై ఐదేళ్లుగా తన దగ్గర ఉన్నా, బతికుండగానే దాన్ని వారసుల పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇచ్చేది మంచిగా చేసి ఇద్దామనుకున్నాడు. ట్రిగ్గర్ తేలిక కావాలి, పిడి చేతికి సరిపోవాలి, తుప్పు మచ్చలు పోయి కొత్తగా నీలం పూత రావాలి. ఉస్తాద్ అప్పుడు మామ అరచేతిని కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాడు. ఆ గీత ప్రకారం రోజ్‌వుడ్‌లో చెక్కిన పిడి ఇప్పుడు నా ఎదురుగా ఉంది. దాని నునుపు, చిటికెన వేలి దగ్గర తీసిన ఒంపు, చెక్క పొరలు రెండు వైపులా ఒకేలా కలిసిన తీరు చూస్తే, ఈ జిల్లాల్లో ఇంతకంటే మంచి చెక్కపని చేసేవాడు లేడనిపిస్తుంది.

లోపం మొదట పట్టుకున్నది తుపాకుల నిపుణుడు కాదు, పోలీస్ స్టేషన్ రైటర్. 2023 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల కోడ్ రాగానే, ఎప్పటిలాగే లైసెన్సుదారులంతా ఆయుధాలు స్టేషన్లో అప్పజెప్పాల్సి వచ్చింది. మామ కొత్త పూతతో నిగనిగలాడే రివాల్వర్ని గర్వంగా బల్ల మీద పెట్టాడు. రైటర్ లైసెన్సు పుస్తకం చూశాడు, ఫ్రేము చూశాడు, ట్యూబ్‌లైటు కిందికి పోయి మళ్లీ చూశాడు. “సార్, నంబరు కనవడ్తలేదు,” అన్నాడు. సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేస్తే గానీ అంకెల నీడ పడలేదు. తుప్పు తీసే పేరుతో ఉస్తాద్ ఇనుమును అంత లోతుగా సాన పట్టేశాడు.

ఇది అందం చందం సంగతి కాదు. 1959 ఆయుధ చట్టం ఎనిమిదో సెక్షన్ తుపాకి మీది పేరు, నంబరు, గుర్తులు చెరపడాన్నీ మార్చడాన్నీ నిషేధిస్తుంది. నంబరు చెరిగిన తుపాకి ఎవరి దగ్గరుంటే అనుమానం వాళ్ల మీదే. అరవై ఏళ్లుగా లైసెన్సు పుస్తకంలో ఒక్క మచ్చ లేని ఇల్లు అది. రైటర్ మంచివాడు కాబట్టి “నంబరు అస్పష్టం, భూతద్దంతో సరిపోల్చబడినది” అని రశీదు మీద రాసిచ్చాడు. ఆ వాక్యం చదివిన రాత్రి మామకు నిద్ర పట్టలేదని అత్తమ్మ చెప్పింది.

రెండో లోపం ఎన్నికలయ్యాక, డిసెంబరులో తుపాకి ఇంటికి వచ్చిన తర్వాత తెలిసింది. ఖాళీ రివాల్వర్లో హ్యామర్ని, ఉస్తాద్ భాషలో ఘోడాని, పూర్తిగా వెనక్కి లాగి నిలిపాడు మామ. నిలిచిన ఘోడాను బొటనవేలితో కొద్దిగా ముందుకు నెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు లేదు. ఘోడా టప్పున పడింది. మళ్లీ లాగాడు, మళ్లీ పడింది. ఖానాలో తూటా ఉండి, ఎక్కుపెట్టిన తుపాకి చెయ్యి జారి నేల మీద పడితే ఏమయ్యేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆ తుపాకి పోవాల్సింది కూతురి చేతికి.

అందుకే సంక్రాంతి పోగానే దేవరకొండ వైపు నుంచి బయలుదేరాం. కల్వకుర్తి మీదుగా జడ్చర్ల, అక్కడి నుంచి పాలమూరు. ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలు దాటితే సరిపోయే దారి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక మధ్యలో నాగర్‌కర్నూల్ కూడా వచ్చి చేరింది. మామ లైసెన్సు రాష్ట్రమంతా చెల్లుతుంది. అయినా ఆయన తుపాకి ఒక సంచిలో, తూటాలు ఇంకో సంచిలో, లైసెన్సు చొక్కా జేబులో పెట్టుకుని దారిపొడవునా జేబు తడుముకుంటూనే కూర్చున్నాడు. రోడ్డుకు రెండు వైపులా ఎర్ర చెల్కలు, ఏరగా మిగిలిన పత్తి, వేరుశనగ మడులు, ఎక్కడ చూసినా ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు.

ఈ నేల మీద తుపాకికి మామూలు బరువు ఉండదు. మా అమ్మమ్మది కడవెండి దగ్గరి పల్లె. ఇప్పుడది జనగామ జిల్లా, అప్పుడు నల్లగొండ. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తూటాకు కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయాడు. కొమరయ్య నడిచిన రైతుల ఊరేగింపు చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. 1951 అక్టోబరులో విరమించేదాకా ఈ పల్లెల్లో తుపాకి చప్పుడు వినని ఏడాది లేదు. అప్పుడు అమ్మమ్మ ఎదిగే వయసు పిల్ల. పెళ్లయి దేవరకొండ వైపు వచ్చాక తాత లైసెన్సు తీసుకుని రివాల్వర్ కొంటే, ఆమె దాన్ని ఉంచిన అల్మారా వైపు కాళ్లు పెట్టి పడుకునేది కాదు, దేవుడి దీపాన్నీ ఆ గదిలో పెట్టేది కాదు. “ఇంట్ల ఇనుమంటే గడ్డపార ఉండాలె, కొడవలి ఉండాలె,” అనేది. తాత ఆమె ముందు ఎన్నడూ దాన్ని బయటికి తీయలేదు.

దుకాణంలో ఉస్తాద్ ఘోడాని లాగుతాడు. వదిలేస్తాడు. మళ్లీ లాగి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

“ఏం లేదు దీనికి. చర్ఖీ సాఫ్ తిరుగుతున్నది. లబ్‌లబీ హల్కా జెయ్యమన్నవు, జేసిన.” ఆయన భాషలో చర్ఖీ అంటే సిలిండర్, లబ్‌లబీ అంటే ట్రిగ్గర్.

“ఘోడాను బొటనవేలుతోని నూకి చూడు ఉస్తాద్.”

“ఎందుకు నూకాలె? ఎవ్వడన్న నూకుతడా?”

“నువ్వు నూకు ఒకసారి.”

నూకుతాడు. పడుతుంది. రివాల్వర్ని బల్ల మీద పెట్టి, “బూఢా తుపాకి పటేలా. గింతమాత్రం ఉంటది,” అంటాడు. తన తాత వనపర్తి సంస్థానంలో తుపాకులు బాగు చేశాడనీ, తండ్రి ఇదే బల్ల మీద కన్ను మూశాడనీ, తనకు ఇంతవరకూ ఒక్క తుపాకి తిరిగి రాలేదనీ చెబుతాడు. ఆయన గొంతులో కోపం కంటే గాయం ఎక్కువ వినిపిస్తుంది. మామ వింటాడు. ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేసిన మనిషి, ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచడు. అంతా విని, రెండో సంచి విప్పి తూటాల డబ్బా బల్ల మీద పెడతాడు.

“పేల్చి చూద్దాం. నీ చేత్తోనే.”

వెనక పెరట్లో గోడవారగా ఇసుక నింపిన ఇనప పీపా ఏటవాలుగా పాతి ఉంది. బాగుచేసిన తుపాకిని పరీక్షించడానికి ఉస్తాద్ లైసెన్సులో అనుమతి ఉంది. ఉస్తాద్ చెవులకు దూది పెట్టుకుని, మాకూ ఇస్తాడు. కళ్లకు అద్దాలు పెట్టుకోమంటాడు. మామ ఒక తెల్ల అట్టను తీసి, సిలిండర్‌కూ నాలీకీ మధ్య సందు ఎక్కడ వస్తుందో అక్కడ, పక్కగా, కర్రకు క్లిప్పుతో బిగిస్తాడు. ఉస్తాద్ ఆ అట్టను చూస్తాడు. ఎందుకని అడగడు. ఎందుకో ఆయనకు తెలుసు.

మొదటిది పేలుతుంది. గోడల మధ్య ఆ చప్పుడు ఛాతీలో తగులుతుంది. గోడ మీది పావురాలు లేచిపోతాయి. రెండోది పేలుతుంది. మూడోసారి ఘోడా పడిన చప్పుడు మాత్రమే.

ఉస్తాద్ కదలడు. నాలీ ఇసుకలోకే ఉంచి, చెయ్యి బిగబట్టి అలాగే నిలబడతాడు. మందు లోపల నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలడం ఉంటుంది. ఆ అర నిమిషం లోపల తుపాకి తెరిచినవాళ్లు కళ్లు పోగొట్టుకుంటారు. ఎవరి పెరట్లోనో కుక్కర్ విజిల్ వేస్తుంది. ఉస్తాద్ పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. నాలుగోది పేలుతుంది. ఐదోది పేలదు. మళ్లీ అదే నిలకడ, అదే లెక్క. ఆరోది పేలుతుంది.

తెరిచి ఆరింటినీ అరచేతిలో పోసుకుంటాడు. నాలుగు డొక్కులు, రెండు నిండు తూటాలు. మామ భూతద్దం తీస్తాడు. తూటా వెనక నడుమ ఉండే చిన్న క్యాప్ మీద ఘోడా ముల్లు కొట్టిన గుంట పడాలి. పేలిన వాటి మీదే అది పలచగా ఉంది. పేలని రెండింటి మీద గోటితో నొక్కినంత కూడా లేదు. ఒక డొక్కు మీదైతే గుంట నడుమ పడకుండా ఓ పక్కకు ఒరిగి ఉంది.

“కార్తూస్ ఖరాబ్,” అంటాడు ఉస్తాద్.

తూటాలు ఖడ్కీ ఫ్యాక్టరీవి, అడుగున కె.ఎఫ్. ముద్ర ఉన్నవి, మొన్ననే హైదరాబాద్‌లో లైసెన్సు మీద ఎక్కించుకుని కొన్నవి. మామ ఆ మాట అనడు. పేలని రెండింటినీ మళ్లీ ఖానాల్లో పెట్టి ఉస్తాద్ చేతికిస్తాడు.

“ఇంకోసారి కొట్టు.”

రెండూ పేలతాయి.

“తూటా ఖరాబైతే రెండో దెబ్బకు ఎట్ల పేలింది ఉస్తాద్?”

జవాబు లేదు. మామ పోయి తెల్ల అట్టను విప్పుకొస్తాడు. దాని మీద మసి మరక ఉండాలి, ఉంది. మరకలోపల సూది మొనల్లా సీసపు రవ్వలు గుచ్చుకుని ఉన్నాయి. ఆరు గ్రాముల పైచిలుకు సీసం సెకనుకు 200 మీటర్లకు మించిన వేగంతో ఖానాలోంచి నాలీలోకి దూకాలి. ఆ క్షణానికి ఖానా, నాలీ ఒకే గీత మీద ఉండాలి. ఒక ఖానా వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది. తూటా నాలీ అంచుకు రాసుకుని పోతోంది, రాలిన సీసం సందులోంచి పక్కకు చిమ్ముతోంది. పక్కన నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు.

ఇక ఉస్తాద్ మాట్లాడకుండా లోపలికి నడుస్తాడు. పిడి విప్పుతాడు, మర మేకులు ఒక్కొక్కటిగా తీసి సీసా మూతలో వేస్తాడు. ఆ వేళ్ల పనితనం చూస్తుంటే నాకు దుఃఖం వస్తుంది. ఇంత నేర్చిన చెయ్యి ఇలా ఎందుకు చేసింది? లోపలి కమానీ బయటికి వస్తుంది. ఘోడాకు బలమిచ్చే స్ప్రింగు అదే. దాన్ని పక్క నుంచి సాన మీద అరగదీసి పలచన చేశారు. ఒకచోట వేడికి రంగు మారిన నీలి మచ్చ ఉంది. అలా కాలిన స్ప్రింగు పదును పోయి, నొక్కిన ప్రతిసారీ ఇంకాస్త మెత్తబడుతుంది. ఘోడాను పట్టి ఆపే గాటు మీద ఆకురాయి గీతలు స్పష్టంగా ఉన్నాయి. ట్రిగ్గర్ తేలిక కావడానికి దారి నిజానికి చాలా ఓపికతో కూడినది. రాసుకునే చోట్లను వాటి కోణం చెడకుండా నునుపు చేసుకుంటూ రావాలి. ఉస్తాద్ దగ్గర దారి ఎంచుకున్నాడు.

“సామాను యాడ దొరుకుతది పటేలా?” అంటాడు ఆఖరికి, తల దించుకుని. “నా తాన ఉన్నది ఆకురాయి ఒక్కటే.”

ఆ మాటలో నిజముంది. బయటి దేశాల నుంచి సొంతంగా తుపాకులు తెప్పించుకోవడం 1980లలోనే ఆగిపోయింది. అప్పటికి దేశంలోకి వచ్చిన బర్మింగ్‌హామ్ వెబ్లీలు, వాటి విడిభాగాలు అంతే. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఈ వెబ్లీ పోలికల్లోనే తయారైంది గానీ, దాని భాగం తెచ్చి ఇందులో పెడితే కూర్చోదంటాడు ఉస్తాద్. కాబట్టి ఏది అరిగినా ముడి ఇనుములోంచి చేత్తో చేసుకోవాలి. గిరాకీ కూడా తగ్గింది. గోడకున్న పన్నెండు బోరు తుపాకుల్లో ఎక్కువ భాగం అడవి పందుల నుంచి చేను కాపాడుకునే రైతులవి. నల్లమల అంచు నుంచి నాటు తుపాకులు పట్టుకుని వచ్చే వాళ్లుంటారు, నోట్లు లెక్కపెట్టి చూపిస్తారు. ఈయన వాళ్లను గడప తొక్కనివ్వడు. లైసెన్సు లేకుండా తుపాకి బాగు చేయడం చట్టం ఐదో సెక్షన్ కింద నేరం, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు. లైసెన్సున్నవాడు లైసెన్సు లేని తుపాకిని ముట్టినా బతుకు పోయినట్టే. నిజాయితీలో ఆయనకు వంక పెట్టలేను. తన పనిని ఎవరైనా ప్రశ్నిస్తే తట్టుకోలేకపోవడమే ఆయనతో వచ్చిన చిక్కు.

“ఇడ్సిపెట్టి పో. హోలీ దాంక సవరిస్త. పైసల్ ఒద్దు,” అంటాడు.

“రిజిస్టర్ల ఎక్కియ్యి. నంబరు రాయి, లోపం ఏందో రాయి. కమానీ అరిగింది, ఘోడా నిలుస్తలేదు, నంబరు చెదిరింది. రాసి సంతకం పెట్టు, ఇడ్సిపెడ్త.”

ఉస్తాద్ రిజిస్టర్ తెరుస్తాడు. తేదీ రాస్తాడు. లైసెన్సు నంబరు రాస్తాడు. లోపం అన్న గడి దగ్గర ‘చెకింగ్’ అని రాసి పుస్తకం మామవైపు తిప్పుతాడు. మామ చదివి, చేత్తో తిప్పి మళ్లీ ఆయన ముందే పెడతాడు.

“నా చేత్తో నా తప్పు రాసియ్యాల్నా పటేలా? యాభై ఏండ్ల దుకాణం ఇది.”

“తప్పని రాయకు. ఉన్నది రాయి.”

చాలాసేపు ఇద్దరూ పెద్దమనుషులు ఆ పుస్తకం వైపే చూస్తారు. బయట ఆటోవాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు. ఉస్తాద్ కలం మూత పెట్టేస్తాడు. మామ ఆ పేజీలో తన లైసెన్సు నంబరును కొట్టేయించి, పక్కన ‘తిరిగి తీసుకున్నాము’ అని రాయించి, రివాల్వర్‌తోపాటు విప్పిన భాగాలన్నీ లెక్క చూసుకుని మూటగట్టుకుంటాడు. లేచేముందు ఉస్తాద్ చెయ్యి పట్టుకుని, “పిడి మాత్రం బ్రహ్మాండంగ జేసినవ్,” అంటాడు. ఉస్తాద్ కళ్లు తుడుచుకుంటాడు. కానీ లోపం రాయడానికి కలం తీయడు.

కారు ఎక్కాక “రెండు ముక్కలు రాసుకోనిస్తే పనైపోయేది గదా మామా, మళ్ల సవరించి ఇస్తుండె,” అన్నాను.

“సవరిస్తడు అల్లుడా. ఆయన చేతనైతది. కాని లోపమే రాయనోడు, లోపం పోయిందని ఎట్ల రాస్తడు?”

నాకైతే మామదే న్యాయం అనిపిస్తుంది. బట్టలు కుట్టేవాడో, బండి బాగుచేసేవాడో మొండికేస్తే మహా అయితే డబ్బు పోతుంది. తుపాకి దగ్గర అలా కాదు. చేసినవాడి మాటకు పైన ఇంకో కన్ను ఉండి తీరాలి. మామ లైసెన్సు రెన్యువల్ అయిన ప్రతిసారీ అధికారులు నంబరు సరిపోయిందా లేదా అన్నదే చూశారు, ఘోడా నిలుస్తుందా అని ఒక్కరూ చూడలేదు. ప్రతి జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ కేంద్రంలో పోలీసుల తుపాకులు చూసుకునే ఆర్మరర్ ఉంటాడు. ప్రైవేటు దుకాణంలో బాగుచేయించిన ప్రతి ఆయుధాన్నీ రుసుము తీసుకుని ఆయన చేత పరీక్ష చేయించి, కాగితం మీద రాసివ్వడం కష్టమైన పని కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లు ఆ పని మొదలుపెట్టాలని ఈ రాత ద్వారా అడుగుతున్నాను.

మామ రివాల్వర్ని విప్పిన భాగాలతో సహా స్టేషన్లో అప్పజెప్పి, దాని స్థితి మొత్తం దరఖాస్తులో రాసి రశీదు తీసుకున్నాడు. వారసత్వ దరఖాస్తును ఆపుకున్నాడు. మీ ఇంట్లో తాతల నాటి తుపాకి ఉండి, దాన్ని బాగుచేయించే ఆలోచన ఉంటే, దుకాణానికి తీసుకుపోయే ముందే నంబరును, ముద్రలను దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ పని చెప్పారో, నంబరు దగ్గర సాన తగలకూడదని కూడా కలిపి, రిజిస్టర్లో రాయించి నకలు తీసుకోండి. తిరిగి చేతికొచ్చిన రోజు ఆ దుకాణంలోనే, ఆ మనిషి చేతనే పేల్చి చూపించమని అడగండి.